మంచు ఫోటోల తపాలా బిళ్ళలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శీతాకాలపు ప్రకృతి దృశ్యాల ఫోటోలతో వచ్చే స్టాంపులంటే నాకు ప్రాణం. వాటిని చూపించినప్పుడల్లా కొత్తవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. తెలుగులో మంచు అన్న ఒక్క మాటే పొగమంచుకీ, తెల్లారేసరికి గడ్డి మీద కనిపించే బొట్లకీ, ఆకాశం నుంచి కురిసే హిమానికీ సరిపోతుంది. ఇక్కడ మంచు అంటే కురిసి నేల మీద పేరుకునే హిమమే.

ఏ స్టాంపులు ఈ కోవలోకి వస్తాయి?

మంచు కప్పిన కొండ, గడ్డకట్టిన నది, ఆకులు రాలిన చెట్లు, తెల్లటి పొలం మధ్య ఒంటరి ఇల్లు లాంటి దృశ్యాన్ని ఎవరో నిజంగా కెమెరాతో తీసి ఉండాలి. ఆ ఫోటో నేరుగా అచ్చయినా సరే, దాన్ని చూసి చెక్కిన బొమ్మ అచ్చయినా సరే, నేను రెండింటినీ చేర్చుకుంటాను. పూర్తిగా ఊహించి గీసిన క్రిస్మస్ బొమ్మల్ని మాత్రం వేరే ఆల్బమ్‌లో పెడతాను. సరిహద్దు ఎక్కడ గీసుకోవాలన్నది ఎవరిష్టం వాళ్ళది.

తెల్లటి మంచును స్టాంపు మీద ఎలా అచ్చు వేస్తారు? తెల్ల సిరా వాడతారా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. మామూలుగా తెల్ల సిరా వాడరు. స్టాంపులో మీరు చూసే మంచు చాలావరకు అచ్చు పడని కాగితమే. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం తీసుకుని ఒక్కసారి చూడండి. కొండ నీడలో సిరా ఉంటుంది, చెట్టు కొమ్మలో సిరా ఉంటుంది, ఎండ పడిన మంచు దగ్గరకొచ్చేసరికి ఉత్త కాగితం పలకరిస్తుంది.

అచ్చు పద్ధతిని బట్టి ఈ తెలుపు మారుతుంది. పాతకాలపు ఎన్‌గ్రేవింగ్‌లో లోహపు పలక మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో సిరా నింపి కాగితం మీద ఒత్తుతారు. మంచు ఉన్నచోట చెక్కేవాడి చెయ్యి ఆగిపోతుంది. ఎక్కడ ఆగాలో తెలియడమే అక్కడి పనితనం. ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఆఫ్‌సెట్ ముద్రణలో బొమ్మంతా నాలుగు రంగుల సన్నటి చుక్కలే. వెలుగు పెరిగేకొద్దీ చుక్కలు చిన్నవైపోయి, మరీ వెలుగున్నచోట మాయమైపోతాయి. గ్రావ్యూర్ పద్ధతిలో చుక్కలకు బదులు సిలిండర్ మీద సన్నటి గుంతలుంటాయి. వాటి లోతును బట్టి ముదురూ లేతా ఏర్పడతాయి కాబట్టి లేత నీడలు మెత్తగా ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి.

ఇందులో ఒక చిక్కుంది. మంచులో చుక్కలు అసలే లేకపోతే అది మంచులా కాదు, బొమ్మకు చిల్లు పడినట్టు కనిపిస్తుంది. అందుకని మంచి ప్రింటర్లు మరీ వెలుగు పడిన చోట తప్ప మిగతా మంచులో కాస్త నీలం, కాస్త బూడిద రంగు చుక్కలు ఉంచేస్తారు. కంటికి ఆ చుక్కలు విడిగా కనపడవు, కానీ మంచుకు గరుకుదనం వస్తుంది. రెండు స్టాంపులు పక్కపక్కన పెడితే ఒకదాంట్లో చలి వేస్తున్నట్టు, మరోదాంట్లో సున్నం వేసిన గోడలా అనిపించడానికి తరచుగా కారణం ఇదే.

స్టాంపు అంచు కూడా గమనించండి. ఫోటో చిల్లుల దాకా వెళ్తే ఇబ్బంది లేదు. చుట్టూ తెల్ల మార్జిన్ ఉంటే మాత్రం బొమ్మలోని మంచు ఎక్కడ అయిపోయిందో, మార్జిన్ ఎక్కడ మొదలైందో తెలియదు. కొందరు డిజైనర్లు అక్కడ సన్నటి బూడిద గీత వేస్తారు. ఇంకొందరు అడుగున ముదురు రంగు చెట్లో, నీళ్ళో ఉన్న ఫోటోనే ఎంచుకుంటారు. నాకు రెండో పద్ధతి నచ్చుతుంది, బొమ్మకు పరాయి గీత తగలదు.

ఫోటోల ఆధారంగా ప్రకృతి దృశ్యాల స్టాంపులు ఎప్పటి నుంచి వస్తున్నాయి?

మీరు అనుకునేదానికంటే ముందు నుంచే. మొదటి తపాలా బిళ్ళ పెన్నీ బ్లాక్ 1840లో బ్రిటన్‌లో వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం స్టాంపుల మీద రాజుల, రాణుల తలలు, అంకెలు, రాజచిహ్నాలే. 1899లో, ఇప్పుడు ఆస్ట్రేలియాలో భాగమైన టాస్మానియా ద్వీపం తన కొండలు, సరస్సులు, జలపాతాలతో ఎనిమిది డిజైన్ల వరుస మొదలుపెట్టింది. జాన్ వాట్ బీటీ లాంటి ఫోటోగ్రాఫర్లు తీసిన చిత్రాలు వాటికి ఆధారం. ఫోటోను నేరుగా అచ్చు వేసే వీలు అప్పటికి స్టాంపుల్లో లేదు కాబట్టి, ఫోటో చూసి గీతలుగా చెక్కారు. 1914లో జర్మనీలోని బవేరియా ఫోటోగ్రావ్యూర్‌లో, అంటే ఫోటోను సిలిండర్ మీదికి ఎక్కించే గ్రావ్యూర్ పద్ధతిలో, స్టాంపులు అచ్చు వేశాక ఫోటోకూ స్టాంపుకూ మధ్య దూరం తగ్గింది.

మంచు విషయానికొస్తే 1934లో అమెరికా జాతీయ పార్కుల మీద పది స్టాంపులు తెచ్చింది. వాటిలో మూడు సెంట్ల స్టాంపు మౌంట్ రైనియర్‌ది. కొండా, కింద మిర్రర్ లేక్ అనే చెరువూ కనిపిస్తాయి. ముద్రణంతా ఒక్క ఊదా రంగులో. అంత ముదురు రంగులోనూ శిఖరం మంచుతో మెరుస్తుంది, ఎందుకంటే అక్కడ ఊదా లేదు, కాగితం ఉంది. మంచు స్టాంపు ఎలా పనిచేస్తుందో ఎవరికైనా చూపించాలంటే నేను ముందుగా దాన్నే తీస్తాను.

మన తపాలా శాఖ కూడా 1953 అక్టోబరు 2న ఎవరెస్ట్ విజయానికి గుర్తుగా రెండణాలు, పద్నాలుగు అణాల స్టాంపులు తెచ్చింది. హిల్లరీ, టెన్జింగ్ శిఖరం ఎక్కింది అదే ఏడాది మే 29న. నాలుగు నెలలు దాటగానే ఆ శిఖరం ఉత్తరాల మీద ప్రయాణం చేయడం మొదలుపెట్టింది.

పేరున్న ఫోటోగ్రాఫర్ల మంచు చిత్రాలు స్టాంపులుగా వచ్చాయా?

వచ్చాయి. రెండింటి గురించి చెప్తాను.

ఆన్సెల్ ఆడమ్స్ పేరు మీద 2024లో అమెరికా తపాలా సంస్థ పదహారు స్టాంపుల షీట్ తెచ్చింది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ పార్కులో చలికాలపు మెర్సెడ్ నది, వెనక హాఫ్ డోమ్ కొండ ఉన్న ఫోటో అందులో ఒకటి. అన్నీ నలుపు తెలుపు చిత్రాలే. ఆడమ్స్ తన తోటి ఫోటోగ్రాఫర్ ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి 1940 ప్రాంతంలో జోన్ సిస్టమ్ అనే పద్ధతి తయారుచేశాడు. కటిక నలుపు నుంచి ఉత్త తెలుపు దాకా సున్నా నుంచి పది వరకు మెట్లుగా విడదీసి, దృశ్యంలో ఏ భాగం ఏ మెట్టు మీద పడాలో షట్టర్ నొక్కే ముందే నిర్ణయించుకోవడం దాని సారం. గరుకుదనం కనిపించే మంచు ఏడు, ఎనిమిది మెట్ల మీద ఉండాలి. తొమ్మిదికి చేరితే వివరం పోతుంది. ఫోటోగ్రాఫర్ అంత జాగ్రత్తగా దాచిన ఆ రెండు మెట్ల తేడాను ప్రింటర్ రెండు అంగుళాలు కూడా లేని కాగితం మీద నిలబెట్టాలి. ఎంత కష్టమో ఆలోచించండి.

రెండోది ఫ్రాంక్ హర్లీ. బ్రిటిష్ అన్వేషకుడు షాకిల్టన్ అంటార్కిటికా యాత్రలో ఎండ్యూరెన్స్ ఓడ 1915లో మంచుగడ్డల మధ్య ఇరుక్కుపోయింది. చలికాలపు రాత్రి చీకట్లో, చుట్టూ దాదాపు ఇరవై చోట్ల ఫ్లాష్ పొడి వెలిగించి, హర్లీ ఆ ఓడను ఫోటో తీశాడు. తర్వాత మంచు ఓడను నలిపేస్తుంటే నీళ్ళు నిండిన లోపలి భాగంలోకి దిగి గాజు నెగటివ్‌లు బయటికి తెచ్చాడు. అన్నీ మోసుకెళ్ళే దారి లేదు. దాదాపు 120 ఉంచుకుని, మిగతా నాలుగువందల చిల్లరను అక్కడే పగలగొట్టారు, మళ్ళీ మనసు మారకుండా. ఆ యాత్రకు వందేళ్ళయిన సందర్భంగా 2016లో బ్రిటన్ రాయల్ మెయిల్ అతని ఫోటోలతో ఎనిమిది స్టాంపులు తెచ్చింది. చేతిలో పట్టుకున్నప్పుడల్లా ఆ పగిలిన గాజుపలకల మీద ఏముండేదో అనిపిస్తుంది.

మంచు రేకుల (స్నోఫ్లేక్‌ల) ఫోటోల స్టాంపులు కూడా ఉన్నాయంటారు?

ఉన్నాయి. ప్రకృతి దృశ్యాలు కావు గానీ దగ్గరి చుట్టాలే. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, జెరికోలో విల్సన్ బెంట్లీ అనే రైతు కెమెరాకు మైక్రోస్కోప్ తగిలించి 1885 జనవరి 15న మొదటిసారి ఒక మంచు రేకును ఫోటో తీశాడు. 1931లో చనిపోయేలోగా అయిదు వేలకు పైగా తీశాడు. 2006లో వచ్చిన నాలుగు అమెరికా స్టాంపుల మీద ఉన్నవి మాత్రం భౌతిక శాస్త్రవేత్త కెన్నెత్ లిబ్రెక్ట్ తీసిన ఫోటోలు.

నేను తీసిన మంచు ఫోటోలు బూడిద రంగులో వస్తున్నాయి. స్టాంపుల్లో అంత తెల్లగా ఎలా?

కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్ ఎదురుగా ఉన్న దృశ్యం సగటున మధ్యస్థపు బూడిద రంగు అని నమ్ముతుంది. కొత్త మంచు తన మీద పడిన వెలుతురులో నూటికి ఎనభై, తొంభై పాళ్ళు వెనక్కి పంపేస్తుంది. దాంతో కెమెరా అమ్మో ఇంత వెలుగా అనుకుని తగ్గించేస్తుంది. మీరు ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరాలోకి వెళ్ళే వెలుతురును, ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచండి (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది). ఫోటోలో చీకటి ఎంతో వెలుగు ఎంతో చూపించే హిస్టోగ్రామ్ అనే గ్రాఫు కుడి గోడకు దగ్గరగా రావాలి, గోడకు గుద్దుకోకూడదు.

నీడలు నీలంగా వస్తే టెన్షన్ పడకండి. అది తప్పు కాదు. ఎండ తగలని మంచు మీద పడేది నీలాకాశపు వెలుతురే. ఆ నీలాన్ని పూర్తిగా చెరిపేస్తే చలి కూడా పోతుంది. నడినెత్తి ఎండ కంటే పక్క నుంచి వచ్చే ఎండ మేలు, ప్రతి గట్టుకీ ప్రతి అడుగుజాడకీ నీడ దొరుకుతుంది. ధ్రువాలకు దగ్గరగా ఉన్న ప్రాంతాల్లో చలికాలం సూర్యుడు రోజంతా కిందనే ఉంటాడు కాబట్టి అక్కడి ఫోటోగ్రాఫర్లకు ఈ వెలుతురు గంటలకొద్దీ దొరుకుతుంది.

చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, అదనపు బ్యాటరీ కోటు లోపల ఒంటికి ఆనుకుని ఉంచుకోండి. వెచ్చటి గదిలోకి వచ్చే ముందే కెమెరాను గాలి దూరని సంచిలో మూసేసి, అది గది వేడికి వచ్చేదాకా తెరవకండి. లేకపోతే లెన్స్ మీదా లోపలా తేమ చేరుతుంది.

ఎలాంటి ఫోటో స్టాంపుకు బాగుంటుంది?

గోడకు వేలాడదీస్తే అద్భుతంగా ఉండే ఫోటో చాలాసార్లు స్టాంపుగా ఓడిపోతుంది. వేల చెట్లున్న అడవి స్టాంపులో ముద్దలా మారుతుంది. ఒక్క చెట్టు, ఒక్క కంచె, వంకర తిరిగిన ఒక్క వాగు నిలబడతాయి. బొమ్మను బొటనవేలి గోరంత చేసి చూసినా ఏముందో తెలియాలి. దేశం పేరు, విలువ రాయడానికి ఎక్కడో ఒకచోట ఖాళీ కావాలి. మంచు దృశ్యాల్లో ఆ ఖాళీ ఆకాశంలోనో నేల మీదో పుష్కలంగా దొరుకుతుంది, బహుశా డిజైనర్లు వీటిని ఇష్టపడటానికి అదీ ఒక కారణం. ఎక్కడో ఒక చోట కాస్త ఎరుపు ఉంటే, ఒక పాక తలుపో ఒక పిట్టో, మొత్తం తెలుపు దానివల్లే తెల్లగా కనిపిస్తుంది.

నా ఫోటో స్టాంపుగా రావాలంటే ఎవరికి పంపాలి?

చాలా తపాలా సంస్థలు ప్రజల నుంచి విషయాలను తీసుకుంటాయి, నేరుగా ఫోటోలను కాదు. అమెరికాలో 1957 నుంచి పౌరుల సలహా సంఘం ఒకటి ఉంది. ఏ విషయం మీద స్టాంపు రావాలో ఎవరైనా రాసి పంపవచ్చు, నిర్ణయం, డిజైన్ వాళ్ళవి. ఒక విషయం ఒప్పుకున్నాక స్టాంపు చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. అప్పుడు డిజైనర్లు ఇప్పటికే ఉన్న ఫోటోల్లోంచి వెతుకుతారు. కాబట్టి మీ మంచి ఫోటోలను పూర్తి సైజులో, తీసిన చోటూ తేదీతో సహా భద్రంగా పెట్టుకోండి. ఫోటో మీద హక్కు ఎవరిదో స్పష్టంగా ఉండాలి.

సొంత ఫోటోతో స్టాంపు షీట్ వేయించుకునే సేవ కొన్ని దేశాల్లో ఉంది. భారత తపాలా శాఖ మై స్టాంప్ పేరుతో 2011లో మొదలుపెట్టింది. అందులో మీ ఫోటో అసలు స్టాంపు పక్కన ఉండే భాగంలో వస్తుంది.

కొత్తవాళ్ళు ఏవి కొనాలి? వాడనివా, వాడినవా?

మొదట చవకగా దొరికే వాడిన స్టాంపులే కొనండి, చెయ్యి అలవాటవుతుంది. మంచు స్టాంపుల్లో వాడిన వాటికి ఒక అందముంది. తెల్లటి నేల మీద నల్లటి పోస్ట్‌మార్కు అక్షరం అక్షరం చదవచ్చు. ఊరి పేరు, తేదీ నిండుగా మంచు మీద పడ్డ స్టాంపు దొరికితే నేను కొత్త స్టాంపు కంటే దాన్నే ఎంచుకుంటాను. కాకపోతే శిఖరం మీద సిరా అలికినట్టు పడితే మాత్రం వదిలేయండి.

మాక్సిమమ్ కార్డులు కూడా చూడండి. అదే దృశ్యం ఉన్న పిక్చర్ పోస్ట్‌కార్డు మీద, బొమ్మ వైపే స్టాంపు అంటించి, ఆ చోటికి సంబంధించిన ముద్ర వేయిస్తారు. పెద్ద ఫోటో, చిన్న ఫోటో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి స్టాంపు చేసినవాళ్ళు ఏది ఉంచారో, ఏది వదిలేశారో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

రంగు లోపించిన అరుదైన మంచు స్టాంపు అని అమ్ముతున్నారు. కొనవచ్చా?

తొందరపడకండి. ముద్రణలో ఒక రంగు నిజంగా పడకుండా వచ్చిన స్టాంపులు ఉంటాయి, వాటికి విలువా ఉంటుంది. కానీ ఎండలో వదిలేసినా, రసాయనం తగిలినా కూడా ఒక రంగు వెలిసిపోతుంది. నీలం పోయిన మంచు దృశ్యం చూడటానికి అచ్చుతప్పులాగే ఉంటుంది. పేరున్న నిపుణుల సర్టిఫికెట్ లేకుండా ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ఏదో దేశం పేరు వేసి అసలు ఆ దేశం తేని స్టాంపుల షీట్లు కూడా అమ్ముతుంటారు. జంతువులూ ప్రకృతి దృశ్యాల బొమ్మలతో ఇవి ఎక్కువ. సభ్య తపాలా సంస్థల అసలైన స్టాంపులకు నంబర్లు ఇచ్చే డబ్ల్యూఎన్‌ఎస్ (WNS) అనే పద్ధతి ఒకటి 2002 నుంచి అంతర్జాతీయ తపాలా సమాఖ్య ఆధ్వర్యంలో నడుస్తోంది. కొత్త స్టాంపు మీద అనుమానమొస్తే అందులో వెతకండి.

మంచు స్టాంపుల్ని ఎలా దాచాలి?

మిగతా స్టాంపుల కంటే ఎక్కువ జాగ్రత్తగా. మంచు అంటే కాగితమే అన్నాను కదా, కాగితం పసుపెక్కితే మంచు పసుపెక్కినట్టే. ఎర్రటి పువ్వు ఉన్న స్టాంపులో కాస్త పసుపు ఎవరికీ కనపడదు. మంచులో ముందు అదే కనపడుతుంది.

నేనీ పాఠం నష్టపోయి నేర్చుకున్నాను. మొదట్లో పది పన్నెండు మంచి స్టాంపుల్ని మామూలు మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి మర్చిపోయాను. కొన్నేళ్ళకు తీస్తే ప్లాస్టిక్ జిగటగా అంటుకుపోయి, కొండలన్నీ టీ చల్లినట్టు తయారయ్యాయి. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. పీవీసీ కవర్లు వాడకండి. ఆమ్లం లేని కాగితపు స్టాక్‌బుక్‌లు (స్టాంపులు దూర్చి పెట్టే పుస్తకాలు), పాలిస్టర్ మౌంట్లు (స్టాంపు పట్టే పారదర్శక తొడుగులు) వాడండి.

ఆధునిక కాగితంలో తెలుపు మెరవడానికి కొన్ని రసాయనాలు కలుపుతారు. అవి కంటికి కనపడని అతినీలలోహిత వెలుతురును తీసుకుని నీలి వెలుతురుగా తిరిగి ఇస్తాయి. ఎండలో ఉంచితే అవి నీరసపడిపోతాయి, మంచులోని ఆ చల్లటి మెరుపూ పోతుంది. ఫ్రేము కట్టి గోడకు తగిలించాలనిపిస్తే నకలు తగిలించండి. ఆల్బమ్‌ను నిలబెట్టి ఉంచండి, తేమ ఉన్న గోడకు ఆనించకండి. స్టాంపును వేళ్ళతో కాకుండా ట్వీజర్‌తోనే తీయండి, వేలి నూనె తెలుపు మీద కొన్నాళ్ళకు మచ్చగా తేలుతుంది.

కవరు మీద నుంచి ఎలా తీయాలి?

పాత జిగురు స్టాంపులైతే గోరువెచ్చటి నీళ్ళలో బొమ్మ పైకి ఉండేలా తేలనిచ్చి, వదిలాక బ్లాటింగ్ కాగితాల మధ్య ఆరబెట్టండి. రంగు కవర్లను విడిగా నానబెట్టాలి, ఎర్ర కవరు రంగు దిగిందంటే మీ హిమాలయం గులాబీ రంగైపోతుంది. ఇప్పటి స్టిక్కర్ స్టాంపుల్లో చాలావాటికి నీళ్ళలో వదిలే పొర ఉండదు. వాటిని చుట్టూ కొంచెం కవరు కాగితం ఉంచి కత్తిరించి అలాగే దాచుకోవడమే మంచిది.

స్కాన్ చేస్తే అంచులు కనపడటం లేదు.

స్కానర్ మూత తెల్లగా ఉంటుంది కాబట్టి తెల్ల స్టాంపు అందులో కలిసిపోతుంది. వెనక నల్లటి కార్డు పెట్టండి, చిల్లులన్నీ స్పష్టంగా వస్తాయి. ఆటోమేటిక్ కలర్ కరెక్షన్ ఆపేయండి.

ధ్రువ ప్రాంతాల స్టాంపులు, పోస్ట్‌మార్కులు ఇందులో చేర్చవచ్చా?

తప్పకుండా. 2007లో అమెరికా ధ్రువకాంతుల ఫోటోలతో రెండు స్టాంపులు తెచ్చింది, ఒకటి ఉత్తర ధ్రువానిది, ఒకటి దక్షిణ ధ్రువానిది. 2009లో ఫిన్లాండ్, చిలీ చొరవతో ధ్రువ ప్రాంతాలనూ హిమానీనదాలనూ కాపాడాలంటూ దాదాపు 40 తపాలా సంస్థలు స్టాంపులు తెచ్చాయి, భారత్ కూడా అందులో ఉంది. హిమానీనదాల ఫోటోలున్న స్టాంపుల్ని నేను తేదీల వరుసలో పెట్టుకుంటాను. ఒకే హిమానీనదం వేర్వేరు కాలాల్లో రెండు స్టాంపుల మీద దొరికితే మంచు గీత ఎంత వెనక్కి జరిగిందో చూడవచ్చు.

పోస్ట్‌మార్కుల్లో దక్షిణ గంగోత్రిది నాకు చాలా ఇష్టం. అంటార్కిటికాలో భారత్ కట్టిన మొదటి స్థావరం అది, 1984లో అక్కడ తపాలా కార్యాలయం కూడా తెరిచారు. కురిసిన మంచు ఏటేటా పేరుకుని స్థావరాన్ని పూడ్చేస్తూ వచ్చింది. మైత్రి అనే కొత్త స్థావరం సిద్ధమయ్యాక 1990 ప్రాంతంలో దక్షిణ గంగోత్రిని వదిలేశారు. కట్టడం మంచు కింద ఉంది. ఆ ముద్ర పడిన కవర్లు మాత్రం ఇప్పటికీ సేకరించేవాళ్ళ మధ్య చేతులు మారుతున్నాయి. దొరికితే స్టాంపును విడదీయకండి, కవరు కవరుగానే ఉంచండి.